హర్రాజు గొంతు ఉన్న డబ్బా

మేడ్చల్ కూరగాయల యార్డులో హర్రాజు పాడే భాయ్‌ని నేను మొదట చూసింది, పదో తరగతి తప్పి అక్కడి అడ్తి దుకాణంలో గుమస్తాగా చేరినప్పుడు. రైతులు తెచ్చిన సరుకును కొనేవాళ్లకు అమ్మిపెట్టే దుకాణం అది. ఆయన టమాటా పెట్టెల మీద నిలబడి ధర పాడేవాడు. నేను కింద కూర్చుని తూకాలు నోటిలెక్కతో కూడుతూ ఉండేవాణ్ణి. ఆయనది షామీర్‌పేట పక్క ఊరు, వ్యవసాయం చేసుకునే ముస్లిం కుటుంబం. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. తర్వాత నేను అల్వాల్‌లో ఇల్లు తీసుకుని, తూకం వేసే ఎలక్ట్రానిక్ కాంటాలు తయారుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో కుదురుకున్నాను. అయినా వారానికి ఒకసారైనా యార్డుకు పోయి ఆయన పాట వినకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆ గొంతు గురించి చెప్పాలి. పెద్ద గొంతేమీ కాదు, కాని ఎంత గోలలోనైనా వేరుగా వినబడేది. అంకెను మొదట మెల్లగా అనేవాడు, రెండోసారి దాన్ని కొంచెం సాగదీసేవాడు. ఇక ‘మూడోసారి’ అనే మాట మాత్రం ఎంత పొడవుంటుందో ఎవరికీ ముందు తెలిసేది కాదు. ఆ పొడవులోనే కొనేవాళ్లు తేల్చుకోవాలి. ఆ మాట ఆగిందంటే బేరం అయిపోయినట్టే. కాగితం, సంతకం ఏవీ ఉండేవి కావు. యార్డులో ఆయన గొంతే ముద్ర.

ఒకసారి ఒక కుర్ర వ్యాపారి వంకాయ బస్తాల వెనక దాక్కుని, అచ్చం ఆయనలాగే ‘మూడోసారి’ అన్నాడు. తక్కువ ధరకు సరుకు అమ్ముడైపోయింది. రైతు మొత్తుకున్నాడు, కొన్నవాడు వినలేదు. భాయ్ పెట్టెల మీది నుంచి దిగి, ఆ బేరం తనది కాదని అల్లా మీద ప్రమాణం చేసి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత నెల రోజులదాకా ఎవరు దగ్గినా వెనక్కి తిరిగి చూసేవాడు.

రెండువేల పదకొండు ఎండాకాలంలో ఆయన మెడకు తువ్వాలు చుట్టుకుని వర్క్‌షాపుకు వచ్చాడు. గొంతు అప్పటికే రాసుకుపోతోంది.

“గొంతు మొత్తం తీసేస్తరట తమ్మీ,” అన్నాడు స్టూలు మీద కూర్చుంటూ. “బతుకుతవు గని మాట్లాడవు అన్నడు డాక్టరు. నేనేమన్న బట్టల కొట్టు నడుపుతున్ననా? మాట్లాడుడే నా పని.”

మంచినీళ్లు ఇచ్చాను. ఆయనకు మింగడానికే చాలాసేపు పట్టింది.

“ఫోన్ల పాటలు పెడుతరు గద,” అన్నాడు. “గట్లనే నా హర్రాజు దేంట్లనన్న పెట్టరాదు? మీట నొక్కితె పలకాలె. పెట్టెల మీద నేనే నిలవడత. గొంతే డబ్బాల ఉంటది.”

“ఫోన్లనే పెట్టుకోవచ్చు భాయ్. చిన్న పని.”

“వద్దు. ఫోన్ల పెడితె సాయంత్రానికి యార్డంత పంచుకుంటరు. రేపు బస్తాల ఎనక ఎవడో నా గొంతుతోని మూడోసారి అంటడు. అప్పుడు నేను కాదు అని చెప్పనీకి గొంతు గూడ ఉండదు నాకు.”

అది సరైన మాట. ఇరవై ఏళ్లుగా కాంటాల దగ్గర మేము చేస్తున్నదీ అదే పని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. కాంటా లోపలి లెక్కను ఎవరూ మార్చకుండా చూడటమే మా వర్క్‌షాపు బతుకు. ఆ మధ్య కాంటాల్లో మేము వాడుతున్న బోర్డు మీద చిన్న కంప్యూటరు ఉండేది. దానిలో అన్ని పనులకూ అనుమతి ఇచ్చే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దాని పక్కనే తాళాలు వేసే చిప్ ఒకటి. నేను ఈ విద్య ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కోఠిలో పాత పుస్తకాలు కొని, అల్వాల్ ఇంటర్నెట్ సెంటర్లో గంటల చొప్పున కూర్చుని, తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. ఆ చిప్‌కూ కెర్నెల్‌కూ మధ్య మాటలు నడిపే భాగం నేనే రాశాను.

ఆ బోర్డుతోనే డబ్బా చేస్తానని భాయ్‌కి ఇలా చెప్పాను. చిప్ పుట్టినప్పుడే తనలో తాను ఒక తాళపుచెవి తయారు చేసుకుంటుంది. అది ఒక పెద్ద సంఖ్య. డబ్బాకు కరెంటు అందగానే కెర్నెల్ ఆ సంఖ్యను అడిగి తీసుకుని, మెమరీలో తనకు తప్ప ఇంకెవరికీ కనబడని ఒక పేజీలో పెట్టుకుంటుంది. గొంతును అక్కడే విప్పి స్పీకరుకు పంపుతుంది. బయట దాచి ఉంచినదంతా కలగాపులగమే. ఎవరైనా డబ్బా మూత తీస్తే లోపలి మీట లేస్తుంది. అప్పుడు కెర్నెల్ తన పేజీని సున్నాలతో నింపేస్తుంది, చిప్ తన సంఖ్యను మరిచిపోతుంది.

“నీ దగ్గర గూడ ఉండదా చెవి?” అని అడిగాడు.

“నా దగ్గర గూడ ఉండదు భాయ్.”

“గట్లైతె మంచిగున్నది.”

“ఇంకో కాపీ తీసి ఇంట్ల పెట్టుమంటవా? ఎందుకన్న మంచిది.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు వేళ్లు బేరం చూపిస్తున్నట్టు కదిలేవి.

“కాపీ ఉంటె తాళమెందుకు తమ్మీ?” అన్నాడు చివరికి. “నా గొంతు ఒక్కటే ఉండె ఇన్నొద్దులు. ఒక్కటే ఉండనియ్యి.”

ఆదివారం వర్క్‌షాపులో ఎవరూ లేనప్పుడు రికార్డు చేశాం. డబ్బా మైకులోకి నేరుగా పలికించాను. మధ్యలో ఇంకే కంప్యూటరూ లేదు. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం. ఇద్దరం చెమటలో తడిసిపోయాం.

నేను ముందే లెక్క వేసుకున్నాను. తెలుగులో ఒకటి నుంచి ఇరవై దాకా, ఆ పైన ముప్పై, నలభై నుంచి తొంభై వరకు చెప్పిస్తే ఇరవై ఏడు ముక్కలు. వాటిని కలిపితే నూరు లోపు ఏ సంఖ్య అయినా వస్తుంది. ఉర్దూలో ఆ వీలు లేదు. నూరుదాకా ప్రతి అంకెకూ వేరే రూపం. ఆయన హర్రాజు రెండు భాషల్లోనూ నడిచేది కాబట్టి తెలుగు వరకైనా శ్రమ తగ్గిద్దామనుకున్నాను. ‘ఇరవై’, ‘అయిదు’ కలిపి వినిపించాను.

ఆయన మొహం చిట్లించాడు. “ఇద్దరు మనుషులు కొట్లాడుతున్నట్టున్నది. నేనెప్పుడన్న గిట్ల ముక్కలు ముక్కలు జేసి పలికిన్నా?”

దాంతో అన్నీ విడివిడిగా, పూర్తిగా పలికాడు. గోరువెచ్చని నీళ్లు తాగుతూ, మధ్యమధ్య బయటికి పోయి ఉమ్మి వస్తూ. నలభై దాటాక గొంతు చీలడం మొదలైంది. ఆ చీలిక వినబడుతోందని నేను చెప్పలేదు. ‘ఒకటోసారి’, ‘రెండోసారి’ ఒక్కొక్కటే చాలన్నాడు. ‘మూడోసారి’ మాత్రం మూడు రకాలుగా పలికాడు. పొట్టిది, మధ్యరకం, బాగా సాగేది. సాగేది పలికాక చాలాసేపు దగ్గాడు. దగ్గు మొదలవకముందే మీట వదిలేశాను.

ఆపరేషన్ అయింది. మెడ కింద ఊపిరి కోసం రంధ్రం ఒకటి మిగిలింది. వానాకాలం గడిచాక మళ్లీ పెట్టెల మీదికి ఎక్కాడు, మెడలో డబ్బా వేలాడదీసుకుని. మొదటి రోజు నేనూ పోయాను. డబ్బా ‘పదిహేను’ అనగానే యార్డంతా ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

“ఏం భాయ్, ఇయ్యాల రీచార్జి చేయించినవా?” అన్నాడొకడు.

“నా పుచ్చు వంకాయలకు గా డబ్బా గొంతే మంచిగ సరిపోతది,” అన్నాడొక రైతు.

ఆ బస్తాల వెనక కుర్రాడు కూడా వచ్చాడు. “భాయ్, నన్ను నౌకరీకి పెట్టుకోరాదు, బ్యాటరీ ఖర్చు మిగులుతది!” అని అరిచాడు. భాయ్ అతనివైపు డబ్బా తిప్పి ‘సున్నా’ మీట నొక్కాడు. అందరితో పాటు ఆ కుర్రాడూ నవ్వాడు.

ఏడాది పాటు ఆ డబ్బాతో నడిచింది. మునుపటిలా కాదు. వేగం తగ్గింది. పాటలో కొనేవాళ్ల ముఖాలు చూసి సాగదీయడం పోయింది, ఉన్న మూడింటిలోనే ఒకటి ఎంచుకోవాలి. పెద్ద వ్యాపారులు కొందరు బోయినపల్లి మార్కెట్టుకు పోవడం మొదలుపెట్టారు. అయినా రోజూ పొద్దున్నే పెట్టెల మీద మనిషి నిలబడుతున్నాడు, ఆయన గొంతు వినబడుతోంది. ఇంట్లో కూడా డబ్బా వాడుతున్నాడని ఆయన భార్య, మా వదిన చెప్పింది. అన్నం ఇంకొంచెం కావాలంటే ‘రెండోసారి’ నొక్కుతాడట.

అవి కరెంటు కోతల రోజులు. ఊళ్లో చార్జింగు నిలవదని ఆయన రోజూ పని అయ్యాక డబ్బాను యార్డులోని అడ్తి దుకాణంలోనే తగిలించి పోయేవాడు. అక్కడ ఇన్వర్టరు ఉండేది. మూత తీయకూడదని నేను ఆయనకూ వదినకూ చెప్పాను. యార్డులో మిగతావాళ్లకు ఆయనే చెప్పాలి. డబ్బాలో అంకెలున్నాయి, హర్రాజు మాటలున్నాయి. ‘తెరవకండి’ అనే మాట లేదు.

రెండువేల పన్నెండు దసరా రోజు పది గంటలకు నాకు ఫోను వచ్చింది. యార్డులో కాంటా దగ్గర ముప్పై ఏళ్లుగా తూకం వేసే పెద్దాయన. తూకం విషయంలో అంత పట్టింపున్న మనిషిని నేను చూడలేదు.

“బిడ్డా, మన భాయ్ డబ్బా పలుకుతలేదు. పచ్చ లైటున్నది, నొక్కితె సప్పుడు లేదు.”

“మూత తీసిన్రా?” అన్నాను.

“తియ్యకపోతె బొట్టెట్ల పెడుత?”

ఆయనే చెప్పుకుపోయాడు. “అన్ని కాంటలు కడిగిన. తూకపు బాట్లకు పసుపు పెట్టిన. బండ్లకు నిమ్మకాయలు గట్టిన. భాయ్ డబ్బా ఒక్కటే బోడిగ ఎందుకుండాలె అని, మంచిగ స్క్రూలు ఇప్పి, బట్టతోని తుడిసి, గా పచ్చ పలక మీద రవ్వంత పసుపు, కుంకుమ. నీళ్లు తగలనియ్యలే బిడ్డా. అంత ఎరుక లేదా నాకు?”

ఆయన పద్ధతి నాకు తెలుసు. దసరాకు ప్రతి కాంటానూ విప్పి, దండె ఆనే చోట బొట్టు పెడతాడు. పైపైన పెడితే దేవుణ్ణి మోసం చేసినట్టని ఆయన నమ్మకం. ప్రభుత్వం సీసపు ముద్ర వేసిన దాన్ని మాత్రం ముట్టడు. ముద్ర లేనిది ఏదైనా విప్పి శుభ్రం చేయాలి. డబ్బా కాంటా కాదు కాబట్టి దానికి ముద్ర లేదు.

“ఇగ ఏది ముట్టకుండ్రి పెద్దయ్యా. తీగ పీకకుండ్రి, లైటు ఆరనియ్యకుండ్రి. నేనొస్తున్న.”

లైటు ఆరకూడదనడానికి కారణం ఉంది. చిప్ మరిచిపోయినా, కరెంటు ఉన్నంతసేపు కెర్నెల్ దగ్గరి ఆ పేజీలో సంఖ్య మిగిలి ఉండవచ్చు. మిగిలి ఉంటే దాన్ని తీసుకుని గొంతు మొత్తం విప్పేయవచ్చు. ఉండకూడదని రాసింది నేనే. మూత లేచిన వెంటనే, ఇంకే పనీ చేయకముందు, ఆ పేజీని చెరిపే పది వరుసలు. కాంటాలకైతే అది చెరిగితే నష్టం లేదు. వర్క్‌షాపుకు తెచ్చి కొత్త తాళపుచెవి పుట్టించి, తూకం సరిచేసి పంపేస్తాం. ఆ వరుసలు ఎన్నోసార్లు పరీక్షించాను, ఒక్కసారీ తప్పలేదు. అల్వాల్ నుంచి మేడ్చల్ దాకా బండి మీద పోతూ, నేను రాసింది ఈ ఒక్కసారి పనిచేయకుండా ఉండాలని కోరుకున్నాను. కొంపల్లి దగ్గర బంతిపూల దండలు వేసిన లారీలు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. ఒక షోరూము ముందు పగలగొట్టిన గుమ్మడికాయ మీద చక్రం జారి పడబోయాను.

యార్డులో పెద్దాయన డబ్బా పక్కనే కాపలా కూర్చున్నాడు. లైటు వెలుగుతోంది. బోర్డు మీద పసుపు, దాని మధ్య కుంకుమ, ఎంత జాగ్రత్తగా పెట్టాడంటే ఒక్క చిప్ కాలు మీదికీ పొడి జారలేదు. వర్క్‌షాపులో వాడే తీగను బోర్డుకు తగిలించాను. ఆ తీగ పెట్టే చోటు మూత కిందే ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే మూత తీయాలి, తీస్తే పేజీ చెరుగుతుంది, కాబట్టి ఆ దారిన ఎవరూ తాళపుచెవిని చూడలేరు. ఆ ఏర్పాటు చేసినప్పుడు వర్క్‌షాపు ఓనరు నన్ను మెచ్చుకున్నాడు.

పేజీ తెరిచాను. తాళపుచెవి ఉండే చోటు పదహారు గదులు. పదహారింటిలోనూ సున్నాలు. పక్క గదులు చూశాను, పైన, కింద. ఆ సంఖ్య పొరపాటున ఇంకెక్కడైనా పడి ఉందేమోనని మెమరీ మొత్తం వెతికించాను. మధ్యాహ్నమైంది. చిప్‌ను అడిగాను. తన దగ్గర తాళపుచెవి ఏదీ లేదని, కావాలంటే కొత్తది పుట్టిస్తానని జవాబిచ్చింది.

“ఏందో జెప్పు బిడ్డా,” అన్నాడు పెద్దాయన. “తుడుసుడుల తప్పైందా?”

“తప్పేం లేదు పెద్దయ్యా. బోర్డు ఖరాబ్ కాలే.”

“మరి పలుకుతలేదేంది?”

చెప్పాను. మూత తీస్తే గొంతు పోయేటట్టు తాళం ఉందని. ఆయన తన పంచె కొంగుతో ఆ బొట్టు తుడవబోయి, ఆగి, “ఇప్పుడు తుడిస్తె?” అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఆ రోజు జమ్మికి రాలేదని తర్వాత విన్నాను.

మర్నాడు డబ్బా తీసుకుని షామీర్‌పేట వైపు పోయాను. వాళ్ల ఇంటికి పోయే దారిలో ద్రాక్షతోట ఉండేది. ఆ ఏడు తీగలు పీకేసి, రాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్నారు. భాయ్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. యార్డు నుంచి వార్త ముందే చేరింది. ఆయన పెదవులు కదిపితే వదిన చదివి చెప్పేది.

“లోపల ఉన్నదా, పోయిందా అని అడుగుతున్నడు, భయ్యా.”

“ఉన్నది వదినా. ఒక్క అంకె గూడ పోలే. తెరిచేది పోయింది.”

భాయ్ పెదవులు చకచకా కదిలాయి. “ఎన్ని చెవులున్నయో అన్ని ఒక్కొక్కటి పెట్టి చూడరాదు అంటున్నడు. నీకు లెక్కలొస్తయి గద అంటున్నడు.”

ఆ లెక్క రాత్రే వేశాను. పెట్టి చూడాల్సిన చెవుల సంఖ్యకు ముప్పై తొమ్మిది అంకెలు. క్షణానికి కోటి చొప్పున పెట్టి చూసే యంత్రం ఉన్నా, అన్నీ అయ్యేసరికి పట్టే ఏళ్లను రాస్తే ఇరవై అయిదు అంకెల సంఖ్య వస్తుంది. మధ్యలోనే దొరికినా తగ్గేది సగమే. సగం చేస్తే ఒక అంకె తగ్గుతుంది. నా జీవితంలో నేను వేసిన లెక్కల్లో, ఎటు తిప్పినా మనిషికి ఏమాత్రం పనికిరాని జవాబు అదొక్కటే. ఆయనకు ఆ అంకెలు చెప్పాను. అంకెల మనిషి, విన్నాడు. ఇంకోసారి అడగలేదు.

“తమ్మీని బాధపడొద్దు అంటున్నడు,” అంది వదిన. తర్వాత కోపంగా తన సొంత మాట అంది, “గట్ల తాళమేసుకొమ్మని ఎవరు జెప్పిన్రు? నాకొక్కదానికన్న ఇంట్ల ఒకటి పెట్టకపోయిన్రా?” అది ఇద్దరిలో ఎవరితో అందో తెలియదు. ఇద్దరమూ తల దించుకున్నాం.

కాసేపటికి భాయ్ డబ్బాను చూపించి, తన చెవిని చూపించాడు.

“ఎట్లున్నదో అట్లనే వినిపియ్యమంటున్నడు.”

“విననీకి ఏముండదు భాయ్.”

ఆయన మళ్లీ అలాగే చూపించాడు. ప్రోగ్రాములో విప్పే పని తీసేసి, దాచినది దాచినట్టే స్పీకరుకు పోయేటట్టు మార్చాను. ఒకటో మీట నొక్కాను. రేకుల మీద ఇసుక పోసినట్టు చప్పుడు. వెంటనే ఆగింది. రెండు నొక్కాను, అదే. పదిహేను, అదే చప్పుడు. వదిన చెవి దగ్గర పెట్టుకుని విని, “ఇదేనా?” అంది.

భాయ్ డబ్బా తన ఒళ్లోకి తీసుకున్నాడు. తానే నొక్కడం మొదలుపెట్టాడు. ఒకటి. ఆరు. పదకొండు. నలభై నాలుగు. ఒక్కొక్కటి నొక్కి తల పంకిస్తున్నాడు. ఏం వింటున్నాడో నాకు మొదట అందలేదు. తర్వాత గమనించాను. చప్పుడు అన్నింటికీ ఒకటే, కాని పొడవు ఒకటి కాదు. తాళం వేసినా మాట ఎంతసేపు పలికాడో అంతే ఉంటుంది. ‘ఆరు’ పొట్టిగా ఉంది. ‘నలభై నాలుగు’ పొడుగ్గా ఉంది. నలభై దాటాక నీళ్లు మింగడానికి ఆయన తీసుకున్న ఆలస్యం కూడా అందులో ఉంది.

చివరికి ‘మూడోసారి’ నొక్కాడు. మూడింటిలో సాగేది. చప్పుడుతో పాటే ఆయన పెదవులు విచ్చుకున్నాయి, సాగాయి, సాగుతూనే ఉన్నాయి. మెడ కింది రంధ్రంలోంచి గాలి బుస్సుమంటోంది. చప్పుడు ఆగిన చోటే పెదవులు మూసుకున్నాయి, వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఇంకోసారి నొక్కుతాడనుకున్నాను. నొక్కలేదు. డబ్బాను నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే యార్డులో పెట్టెల మీదికి ఆ కుర్ర వ్యాపారిని ఎక్కించారు. ధరలు బాగానే పాడుతున్నాడని పెద్దాయన ఫోనులో చెప్పాడు.